రేగు బెరడు, రాలే రేకులు

డుంబ్రిగుడ సంతలో నేను రేగుపళ్ళు చాలాసార్లు కొన్నాను. ఆ చెట్టు బెరడుకు క్యాన్సర్ పరిశోధన చరిత్రలో ఒక పుట ఉంది.

కణం తనను తాను క్రమపద్ధతిలో అంతం చేసుకునే తీరుకు 1972లో కెర్, విల్లీ, కరీ అనే ముగ్గురు 'అపోప్టోసిస్' అని పేరు పెట్టారు. ఆకులూ పూలరేకులూ రాలడాన్ని సూచించే గ్రీకుమాట అది. (ఎంత చక్కటి పేరో చూడండి!) చర్మానికి రంగునిచ్చే కణాలలో పుట్టే మెలనోమా అలా రాలకుండా మొండికేస్తుంది.

1995లో షికాగోలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో జాన్ పెజ్జుటో బృందం మన రేగు, అంటే జిజిఫస్ మారిషియానా, బెరడులోని బెటులినిక్ ఆమ్లం మెలనోమా కణాలను ఆ దారి పట్టిస్తుందని ప్రకటించింది. మానవ మెలనోమాను ఎక్కించిన ఎలుకలలో కణితి పెరుగుదల ఆగిపోయింది, విషలక్షణాలు కనబడలేదు. లోగుట్టు తరువాత తేలింది. ఆ ఆమ్లం నేరుగా మైటోకాండ్రియా పొరను దెబ్బతీస్తుంది. అందులోంచి సైటోక్రోమ్-సి బయటపడుతుంది. దానితో కాస్పేజులనే ఎంజైములు మేల్కొని కణాన్ని లోపలినుంచే ముక్కలు చేస్తాయి.

మరి మందేదీ? ఆ ఆమ్లం నీటిలో దాదాపు కరగదు, ఒంటికి సరిగా పట్టదు. మూడు దశాబ్దాలు గడిచినా క్యాన్సర్ మందుగా దానికి ఆమోదం రాలేదు. బెరడు కషాయం ఆ ఎలుకలకిచ్చిన శుద్ధ ఆమ్లానికి సాటి కానేకాదు.

నన్ను కలవరపెట్టేది వేరొకటి. నల్లని చర్మం వారిలో మెలనోమా తరచుగా అరికాలిలోనో గోటి కిందో మొదలవుతుంది. కొండదారుల్లో వట్టికాళ్ళతో నడిచేవారికి అది ముల్లు గుచ్చిన మచ్చలా తోచవచ్చు. కోసి తీసేస్తే మనిషి దక్కే దశ అదే.