స్పార్క్ ప్లగ్ ఎంపిక: చారిత్రక నేపథ్యం

స్పార్క్ ప్లగ్ మార్చేటప్పుడు మరలు సరిపోతే చాలునని చాలామంది భావిస్తారు. తయారీదారు సూచించిన రకాన్నే ఎందుకు వాడాలో ప్లగ్ చరిత్ర మీకు తెలియజేస్తుంది.

1860లో లెన్వార్ తన గ్యాస్ ఇంజన్‌ను విద్యుత్ రవ్వతో మండించాడు. అయితే వేగంగా తిరిగే ఇంజన్లకు నమ్మకమైన రవ్వ అందించడం చాలాకాలం కష్టంగానే ఉండేది. 1902లో జర్మనీలోని బాష్ సంస్థ ఇంజనీరు గాట్‌లోబ్ హోనోల్డ్ అధిక వోల్టేజి మాగ్నెటోను, దానికి తగిన ప్లగ్‌ను రూపొందించడంతో ఈ సమస్య చాలావరకు తీరింది.

తరువాతి సమస్య వేడి. ఇంజన్ల శక్తి పెరిగేకొద్దీ ప్లగ్‌లోని పింగాణీ పగిలిపోయేది. మొదటి ప్రపంచ యుద్ధకాలపు విమానాల్లో అభ్రకాన్ని వాడారు. 1930లలో అల్యూమినా వచ్చింది. నేటికీ ఇదే వాడుకలో ఉంది.

గట్టి పదార్థం దొరికినా ఎంపిక అవసరం తీరలేదు. ప్లగ్ కొన సుమారు 450 డిగ్రీల సెల్సియస్ కంటే చల్లగా ఉంటే మసి పేరుకుంటుంది. సుమారు 850 డిగ్రీలు దాటితే రవ్వ రాకముందే ఇంధనం మండి, పిస్టన్ కరిగిపోవచ్చు. అందుకే కొన వద్ద ఇన్సులేటర్ పొడవుగా ఉండి వేడిని నిలుపుకునే 'హాట్' ప్లగ్‌లు, పొట్టిగా ఉండి వేడిని త్వరగా వదిలే 'కోల్డ్' ప్లగ్‌లు తయారయ్యాయి. మరలు ఒకటే అయినా ఈ రెండూ ఒకటి కావని గమనించండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: ఎక్కువ వేడెక్కే ఇంజన్‌కు ఏ రకం ప్లగ్ తగినది? ఎందుకు?