దూరవిద్య నుండి ఆన్‌లైన్ బోధన వరకు: తరగతి గది స్థానం - చారిత్రక పరిశీలన

1. ఉపోద్ఘాతం

ఆన్‌లైన్ బోధనను సంప్రదాయ తరగతి బోధనతో పోల్చే చర్చ 2020 తర్వాత బాగా విస్తరించింది. ఈ చర్చలో రెండింటినీ పరస్పర విరుద్ధాలుగా చూడటమే ఎక్కువ. తెలుగునాట బోధన చరిత్రను పరిశీలిస్తే ఈ విభజన నిలవదు. గురువు దూరంగా ఉన్న పద్ధతులలో కూడా విద్యార్థి పక్కన మరొక మనిషి ఉండే ఏర్పాటు కనిపిస్తుంది. ఆ ఏర్పాటు ఏ దశలో ఎలా ఉందో, ఎక్కడ లోపించిందో చూపడం ఈ వ్యాసం ఉద్దేశ్యం.

2. వీధిబడి

బళ్లారి కలెక్టరు ఏ.డి. క్యాంప్‌బెల్ 1823లో సమర్పించిన నివేదిక అక్కడి తెలుగు, కన్నడ వీధిబడుల తీరును వివరించింది. పంతులు ఒక్కడే. పెద్ద పిల్లలు చిన్న పిల్లలకు చెప్పేవారు. మద్రాసులో ఇటువంటి పద్ధతిని చూసిన ఆండ్రూ బెల్ 1797లో దానిపై పుస్తకం ప్రచురించగా, అది ఇంగ్లాండులో ‘మద్రాసు పద్ధతి’గా ప్రసిద్ధి పొందింది. అయితే పిల్లలు అర్థం తెలియకుండానే పద్యాలు వల్లె వేస్తున్నారని క్యాంప్‌బెల్ విమర్శించాడు. కనుక సంప్రదాయ తరగతి లోపం లేనిదని భావించరాదు.

3. ఉపగ్రహ పాఠం

1975 ఆగస్టు నుండి 1976 జూలై వరకు సాగిన ఉపగ్రహ బోధనా టెలివిజన్ ప్రయోగం (సైట్) ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాలలో సుమారు 2,400 గ్రామాలకు చేరింది. తెలుగు కార్యక్రమాలను హైదరాబాదు కేంద్రంలో రూపొందించారు. ఉదయం బడిపిల్లలకు, సాయంత్రం గ్రామస్థులకు ప్రసారాలుండేవి. టెలివిజన్ పెట్టె ఊరందరిదీ కావడం ఇక్కడ ముఖ్యం. పిల్లలు కలిసి చూసేవారు, ఉపాధ్యాయుడు దగ్గర ఉండేవాడు. పాఠం ఆకాశం నుండి వచ్చినా తరగతి నేల మీదే ఉంది.

4. సార్వత్రిక విశ్వవిద్యాలయం

దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాదులో ఏర్పడింది. ఆచార్య జి. రాంరెడ్డి తొలి ఉపాధ్యక్షులు. ప్రస్తుతం అది డా. బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం. తెలుగులో రాయించిన పాఠ్యపుస్తకాలు, రేడియో పాఠాలతో పాటు అధ్యయన కేంద్రాలలో సెలవుదినాల తరగతులను కూడా అది నిర్వహించింది. ఉద్యోగులు, గృహిణులు సందేహాలతో అక్కడికి వచ్చేవారు. దూరవిద్యకు సైతం ఒక గది అవసరమని ఆ వ్యవస్థ మొదటి నుండీ గుర్తించింది.

5. 2020 అనుభవం

కరోనా వల్ల మూతపడిన తెలంగాణ బడులకు 2020 సెప్టెంబరు 1 నుండి దూరదర్శన్ యాదగిరి, టి-శాట్ ద్వారా పాఠాలు ప్రసారమయ్యాయి. సాంకేతికంగా ఇది సైట్ కన్నా ఎంతో ముందున్నది. కానీ సామూహిక వీక్షణ స్థానంలో ఒంటరి వీక్షణ వచ్చింది.

ఇబ్రహీంపట్నం డిగ్రీ తరగతులకు మంచాల, యాచారం మండలాల పల్లెల నుండి కూడా విద్యార్థులు వస్తారు. ఇంటికి ఒకే ఫోను ఉండి, తండ్రి దానిని పనికి తీసుకువెళితే ఆ రోజు పాఠం లేనట్టే. ఛందస్సు బోధనలో ఈ వ్యాసకర్త గమనించిన అంశం మరొకటి. తరగతిలో ఒకరు పద్యం చదువుతూ గురులఘువుల దగ్గర తడబడితే పక్కవారు సరిదిద్దుతారు. ఆన్‌లైన్‌లో అందరి మైకులూ ఆపి ఉంటాయి. తప్పు వినబడదు, దిద్దుబాటు జరగదు. ప్రయోజనం లేదనలేము. పగలు కూలికి వెళ్లిన విద్యార్థులు రికార్డు చేసిన పాఠాన్ని రాత్రి విన్నారు. తరగతి గది వారికి ఆ అవకాశం ఇవ్వలేదు.

6. ముగింపు

వీధిబడిలో పెద్ద పిల్లవాడు, సైట్ కాలంలో ఉపాధ్యాయుడు, సార్వత్రిక విద్యలో అధ్యయన కేంద్రం నిర్వహించిన బాధ్యతను 2020లో ఎవరికీ పూర్తిగా అప్పగించలేదు. కాబట్టి ఆన్‌లైన్ మేలా, తరగతి మేలా అన్నదాని కన్నా, విద్యార్థి తప్పును విని దిద్దేవారు ఎవరన్నది మౌలిక ప్రశ్న. గ్రామ గ్రంథాలయంలోనో బడిలోనో కలిసి వినే చోటు, సందేహం తీర్చే మనిషి ఉంటే రికార్డు పాఠం తరగతికి తోడవుతుంది. ఆ ఖర్చు తగ్గించుకోవడానికే ఆన్‌లైన్‌ను ఆశ్రయిస్తే, ముందుగా నష్టపోయేది పల్లె విద్యార్థే.