విశాఖ రేవులో ఎవరి రక్షణ?

చారిత్రక చిత్రాన్ని జరిగిన సంగతికి అద్దంగా భావించడం మనకు పాతబడిన అలవాటు. చిత్రానికి కూడా వర్గదృష్టి ఉంటుంది. గీసిన చేతిని మెచ్చుకునే ముందు, గీయించిన చేతిని వెదకాలని నా అభిప్రాయం.

థామస్ విట్‌కూంబ్ అనే ఆంగ్ల చిత్రకారుడు వేసిన నౌకాయుద్ధ చిత్రం ఒకటి మన తీరానికి సంబంధించినదే. దాని పేరు ‘విశాఖపట్నం రేవులో సెంచూరియన్ రక్షణ’. బ్రిటిష్ నౌకావిజయాలను కీర్తిస్తూ జేమ్స్ జెంకిన్స్ 1817లో లండన్‌లో ప్రచురించిన గ్రంథం కోసం తయారైన చిత్రాలలో ఇదొకటి.

జరిగిందేమిటి? 1804 సెప్టెంబరులో ఫ్రెంచి నౌకాధిపతి లినోయి, 74 ఫిరంగుల ‘మారెంగో’తో, రెండు ఫ్రిగేట్లతో విశాఖ మీదికి వచ్చాడు. రేవులో 50 ఫిరంగుల ‘సెంచూరియన్’, దాని కాపుదలలో ‘బార్నబీ’, ‘ప్రిన్సెస్ షార్లెట్’ అనే వర్తకనౌకలు ఉన్నాయి. సెంచూరియన్ దెబ్బలు తిన్నా లొంగలేదు, లినోయి మరలిపోయాడు. కాని బార్నబీ ఒడ్డుకు కొట్టుకొని పగిలింది. ప్రిన్సెస్ షార్లెట్ శత్రువుకు చిక్కింది. అంటే కాపలా ఓడ మిగిలింది, కాయవలసిన ఓడలు పోయాయి! అయినా దానికి ‘రక్షణ’ అని పేరుపెట్టి విజయాల వరుసలో కూర్చోబెట్టారు. చిత్రంలో అసత్యం లేకపోవచ్చు. శీర్షికలో మాత్రం ప్రభుత్వం మాట్లాడుతున్నది.

ఇక చిత్రం చెప్పనిది చూడాలి. ఆనాడు విశాఖకు ఓడలు ఒడ్డునానుకునే హార్బరు లేదు. అది 1933లో గాని తెరుచుకోలేదు. ఓడలు బయట సముద్రంలో లంగరు వేసేవి. మేకులు లేకుండా పలకలను తాళ్లతో కుట్టిన మసూలా పడవల్లో మన పడవవాళ్లు కెరటాల మీదుగా సరుకు చేర్చేవారు. వారి రెక్కలు లేనిదే కంపెనీ వర్తకం లేదు. విజయగ్రంథంలో వారికి చోటు లేదు. ఆ ఒడ్డు వెనుక దేశంలో 1794లో పద్మనాభం దగ్గర విజయరామ గజపతిరాజు కంపెనీ సేనల చేతిలో కూలాడు. 1802లో శాశ్వత శిస్తు పద్ధతి వచ్చి జమీందారీని రైతు నెత్తిన స్థిరపరచింది.

అలాగని ఫ్రెంచి జెండాను చూసి మనం మురియనక్కరలేదు. 1757లో బొబ్బిలి కోటమీదికి ఫిరంగులు తెచ్చిన బుస్సీ ఫ్రెంచివాడే. 1802లో తన వలసల్లో బానిసత్వాన్ని చట్టబద్ధంగా నిలబెట్టింది నెపోలియన్ ప్రభుత్వమే. రేవులో పోరాడినవి రెండు దోపిడీలు.

సముద్రమెరుగని చిట్యాలలో కూర్చుని నేనిదంతా రాయడమెందుకని కొందరడగవచ్చు. ఆ తీరం, ఈ మెట్టభూములు ఒకే లెక్కపుస్తకంలోనివి. ఉత్తర సర్కారులను 1766 సంధితో కంపెనీకి వదిలినది నిజామే. 1798 సంధితో హైదరాబాదులోని ఫ్రెంచి దళం రద్దయి, ఇంగ్లీషు సైన్యం స్థిరపడింది. దాని ఖర్చుకింద 1800లో దత్తమండలాలను కంపెనీకి ధారపోశారు. ఏలికలు సంధి చేసుకుంటే శిస్తు కట్టింది రైతులు.

కనుక ఉపాధ్యాయ మిత్రులు ఇటువంటి చిత్రాన్ని తరగతిలో చూపినప్పుడు మూడు ప్రశ్నలు వేయాలి: దీన్ని ఎవరు కొన్నారు? దీనికి పేరెవరు పెట్టారు? ఇందులో లేనివారెవరు? మూడవ ప్రశ్నకు జవాబు వెదకడంతోనే ప్రజల చరిత్ర మొదలవుతుంది.