పాత సేఫ్టీ రేజర్: నకిలీ కన్నా అతుకే పెద్ద సమస్య

ఇందిరా నగర్ (పుదుచ్చేరి): పాత సామాన్లు కొనే బండిలో ఇత్తడి చెంబులు, తుప్పు పట్టిన తాళాల మధ్య ఒక్కోసారి ఒక సేఫ్టీ రేజర్ కనిపిస్తుంది. తూకానికి వేస్తే అది కాసింత ఇత్తడి. సేకరించేవారి చేతికి వెళ్తే మాత్రం దాని విలువ తల అడుగున చెక్కిన రెండు అక్షరాలు, పిడి మీద మిగిలిన పూత, పెట్టె లోపలి గుడ్డను బట్టి ఉంటుంది. ఈ రెండు ధరల మధ్య ఉన్న దూరంలోనే మోసానికి చోటు దొరుకుతుంది. ఆదివారం మహాత్మాగాంధీ రోడ్డులో సాగే సంతలోనైనా, ఆన్‌లైన్ వేలంలోనైనా కొనేవారు అడిగే మొదటి ప్రశ్న ఒకటే: ఇది అసలుదేనా?

నిజానికి ఆ ప్రశ్న సరిపోదు. పాత నాణేలతో పోలిస్తే రేజర్లలో పూర్తిగా కొత్తగా పోతపోసిన నకిలీలు తక్కువ. చాలా నమూనాల ధర అంత శ్రమకు తగినంత ఉండదు. ఎక్కువగా కనిపించేది వేరే రకం: ఒక రేజర్ తల, ఇంకోదాని పిడి, మూడోదాని పెట్టె, వీటన్నిటి మీద నిన్న మొన్న వేయించిన బంగారు పూత. ప్రతి ముక్కా అసలుదే. మొత్తం వస్తువు మాత్రం ఏ కర్మాగారం నుంచీ అలా బయటికి రాలేదు. అందుకే అడగాల్సింది 'ఈ ముక్కలన్నీ ఒకే రోజు పుట్టాయా?' అని.

పాతది కాబట్టి అరుదు అనుకోవడం రెండో పొరపాటు. న్యూయార్క్‌లో కాంఫ్ సోదరులు 1880లో పేటెంట్ పొందిన 'స్టార్' రేజర్‌తో చర్మానికి అడ్డంగా రక్షణ ఉన్న గడ్డం కత్తి మార్కెట్లోకి వచ్చింది. కాని దాని అలుగును పదును పెట్టుకుంటూ ఉండాల్సిందే. వాడి పారేసే పల్చటి బ్లేడు ఆలోచన కింగ్ క్యాంప్ జిలెట్‌ది, దాన్ని యంత్రం మీద సాధ్యం చేసిన ఇంజనీరు విలియం నికర్సన్. 1901లో కంపెనీ పెట్టారు. అమ్మకాలు మొదలైన 1903లో పోయినవి 51 రేజర్లు, 168 బ్లేడ్లు అని తరచూ చెబుతారు. పదిహేనేళ్లు తిరిగేసరికి, మొదటి ప్రపంచ యుద్ధంలో, అమెరికా సైనికుల కోసం సుమారు 35 లక్షల రేజర్లు వెళ్లాయి. కాబట్టి నూరేళ్ల నాటి జిలెట్ దొరకడం వింత కాదు. మొదటి ఒకటి రెండేళ్ల 'డబుల్ రింగ్' నమూనా, దాని పెట్టెతో సహా దొరకడం వింత.

తేదీ తేల్చడానికి అన్నిటికన్నా నమ్మకమైన సాక్షి రేజర్ ఒళ్లే. జిలెట్ పేటెంట్ 1904 నవంబరు 15న మంజూరైంది. ఆ తేదీ చెక్కి ఉన్న రేజర్‌ను '1903 నాటి మొదటి విడత' అని అమ్మితే అక్కడితో బేరం ముగించవచ్చు. తొలి రేజర్ల మీద క్రమ సంఖ్యలు ఉండేవి. వాటిని ఏ ఏడాదికి చెందుతాయో చూపే పట్టికలను సేకర్తలు దశాబ్దాలుగా తయారు చేసుకున్నారు. తొలి బ్లేడ్లకు మూడు గుండ్రటి రంధ్రాలు ఉండేవి. 1930లో 'న్యూ' నమూనాతో బ్లేడు మధ్య పొడవాటి చీలిక వచ్చింది, తల అడుగు కూడా మారింది. ఇప్పటి చీలిక బ్లేడు తొలి నమూనాకూ సరిపోతుంది. మూడు రంధ్రాల పాత బ్లేడు మాత్రం 1930 తర్వాతి తలలో కూర్చోదు. పెట్టెలో పాత బ్లేడు, చేతిలో కొత్త తల ఉంటే ఎవరో జత చేశారన్నమాట.

1950ల నుంచి పని ఇంకా సులువు. అమెరికాలో తయారైన జిలెట్ రేజర్ల తల అడుగున ఒక అక్షరం, ఒక అంకె కనిపిస్తాయి. అక్షరం ఏడాదికి, అంకె ఆ ఏడాదిలో మూడేసి నెలల భాగానికి గుర్తు. 1951కి డబ్ల్యూ, 1959కి ఇ, 1960కి ఎఫ్. 'ఎఫ్ 1' అంటే 1960 మొదటి మూడు నెలలు. 'మా నాన్నగారి పెళ్లికి, 1955లో ఇచ్చారు' అన్న రేజర్ మీద ఈ గుర్తు ఉంటే అమ్మేవారు అబద్ధం చెబుతున్నారని కాదు. ఇంటి జ్ఞాపకాలకు అయిదారేళ్ల తేడా మామూలే. ధర మాత్రం జ్ఞాపకానికి కాదు, గుర్తుకు కట్టాలి.

అసలైన చిక్కు పూతతో వస్తుంది. 1950ల చివర జిలెట్ ఒకటి నుంచి తొమ్మిది దాకా తిప్పుకొనే సర్దుబాటు రేజర్ తెచ్చింది. పిడి లావుగా ఉండడంతో సేకర్తలు దాన్ని 'ఫ్యాట్‌బాయ్' అంటారు. మామూలుది నికెల్ పూతతో వచ్చింది. బంగారు పూతతో వచ్చినదాన్ని 'ఎగ్జిక్యూటివ్' అంటారు. అది చాలా తక్కువ, ఖరీదు చాలా ఎక్కువ. మామూలు ఫ్యాట్‌బాయ్‌ని నగల పూత వేసే దుకాణంలో ఇచ్చి తీసుకుంటే ఒక్క పూటలో 'ఎగ్జిక్యూటివ్' తయారవుతుంది. 1950ల మధ్యలో వచ్చిన సూపర్ స్పీడ్ రేజర్ల కథా ఇదే. గరుకు గడ్డానికి ఎర్ర రంగు కొసతో బరువైనది, సున్నిత చర్మానికి నీలి రంగు కొసతో తేలికైనది అమ్మారు. రంగు వేయడానికి చిన్న కుంచె చాలు; బరువు మార్చడం అంత తేలిక కాదు. వంటింటి త్రాసు మీద పెట్టి చూస్తే సగం అనుమానాలు తీరిపోతాయి.

పూత కొత్తదో పాతదో తెలుసుకోవడానికి భూతద్దం, పగటి వెలుగు కావాలి. అరుగుదల ఎప్పుడూ పూత మీద జరుగుతుంది. వేళ్లు పట్టే చోట, బ్లేడు తలుపుల అంచున పూత పోయి ఇత్తడి తొంగి చూస్తే అది సహజం. పిడి మీది గళ్లు అరిగి నున్నగా అయి, చెక్కిన అక్షరాల అంచులు మొద్దుబారి, వాటి మీద మాత్రం పూత ఎక్కడా చెదరకుండా మెరుస్తుంటే కాలం తలకిందులైందన్నమాట: ముందు అరిగింది, తర్వాత పూత పడింది. లోతైన గీతల్లో దుమ్ము మీదుగా పూత పడిన మరకలు కూడా అదే చెబుతాయి.

లోహానికీ ఓ పుట్టిన తేదీ ఉంటుంది. క్రోమియం పూత వ్యాపారంగా వచ్చింది 1920ల మధ్యలో. నీలి ఛాయతో అద్దంలా మెరిసే '1912 రేజర్' అంటే మధ్యలో ఎవరో పూత మార్చారు. నికెల్ మెరుపు కొంచెం పసుపు వైపు, కొంచెం మెత్తగా ఉంటుంది. పాత మంచి రేజర్ల ఒళ్లు ఇత్తడి. అయస్కాంతం గట్టిగా అతుక్కుంటే లోపల ఇనుము ఉంది. నికెల్ పూత వల్ల కొద్దిపాటి లాగుడు ఉంటే కంగారు అక్కర్లేదు. బేకలైట్ 1907లో పుట్టింది కాబట్టి అంతకు ముందటిదని చెప్పే రేజర్‌కు బేకలైట్ పిడి ఉండకూడదు. పిడుల విషయంలో ఇంకో జాగ్రత్త: 1930 నాటి 'న్యూ', ఆ దశాబ్దం చివర వచ్చిన 'టెక్' వంటి మూడు ముక్కల రేజర్ల పిడులు ఒకదానికొకటి సరిపోతాయి. విరిగిన పిడి తీసి ఇంకోటి బిగించడం వాడేవారికి మరమ్మతు, సేకరించేవారికి అతుకు. ఆ మాట చెప్పి అమ్మితే అందులో తప్పేమీ లేదు.

పుదుచ్చేరి, యానాంలలో దీనికి ఓ ప్రత్యేకమైన మెలిక ఉంది. ఫ్రెంచి ముద్ర కనిపిస్తే చాలు, 'దొర ఇంటి నుంచి వచ్చింది' అన్న కథ దానికి తోడవుతుంది. 1954 దాకా ఫ్రెంచి పాలనలో ఉన్న ఊళ్లు కాబట్టి కథ నమ్మేలా ఉంటుంది. కాని 'ఫ్రాన్స్‌లో తయారైంది' అన్న ముద్ర తయారైన చోటునే చెబుతుంది, వాడిన మనిషిని కాదు. గిబ్స్ వంటి ఫ్రెంచి సర్దుబాటు రేజర్లు ఇప్పుడు ఏ దేశం నుంచైనా తపాలాలో వస్తాయి. కథకు విడిగా ధర అడిగితే విడిగా రుజువు కూడా అడగాలి: పేరున్న బిల్లు, ఉత్తరం, ఫొటో. ఇక 'బ్రెవెతె ఎస్.జి.డి.జి.' అన్న అక్షరాలను ప్రభుత్వ ముద్రగా చూపడం మామూలే. దాని అర్థం సరిగ్గా ఎదురు: 'ప్రభుత్వ హామీ లేని పేటెంటు'. 1844 నాటి ఫ్రెంచి చట్టం వల్ల వాడుకలోకి వచ్చిన ఆ మాట 1968 చట్టంతో పోయింది. అందువల్ల అది నాణ్యతకు సాక్ష్యం కాకపోయినా కాలానికి సాక్ష్యమే. జర్మనీ సోలింగెన్ రేజర్ల మీద 'పశ్చిమ జర్మనీ' అని ఉంటే అది 1949 తర్వాతిది, అమ్మేవారు యుద్ధం ముందుదని ఎంత చెప్పినా.

చాలా రేజర్ల విలువను చంపేది మోసగాడు కాదు, ఇంటి శుభ్రత. ఇత్తడి అనగానే చింతపండు, పీతాంబరి గుర్తొస్తాయి. పూజ సామానుకు అవి సరే. పల్చటి బంగారు పూత ఒక్క తోముడుకు పోతుంది. సముద్రపు గాలి తగిలే ఊళ్లో ఆకుపచ్చ చిలుము పట్టడం సహజమే. గోరువెచ్చని నీళ్లు, గిన్నెలు తోమే ద్రవ సబ్బు, మెత్తటి టూత్ బ్రష్షు చాలు. మరిగే నీళ్లు పోయకూడదు: బంగారు పూత మీద ఉండే లక్క పొర ఊడుతుంది. కడిగాక పూర్తిగా ఆరనిచ్చి, మఖమలు పెట్టెలో కాకుండా విడిగా ఉంచితే బూజు, చిలుము రెండూ తగ్గుతాయి.

చట్టం సంగతి సేకర్తలు తరచూ మరిచిపోతారు. 1972 నాటి పురావస్తువులు, కళాఖండాల చట్టం ప్రకారం చారిత్రక ఆసక్తి ఉన్న వస్తువులు, గడిచిన కాలపు శాస్త్రాన్నో హస్తకళనో ఆచారాన్నో చూపే వస్తువులు నూరేళ్లు నిండితే పురావస్తువు నిర్వచనంలోకి రావచ్చు. ప్రైవేటు వ్యక్తులు పురావస్తువును దేశం దాటించకూడదు. వాటి వ్యాపారానికి లైసెన్సు కావాలి. ఒక వస్తువు పురావస్తువా కాదా అన్న వివాదంలో పురావస్తు సర్వే శాఖ డైరెక్టర్ జనరల్ మాటే చివరిది. యంత్రం మీద లక్షల్లో తయారైన రేజర్ ఆ లెక్కలోకి వస్తుందా అన్నది వాదించుకోదగిన విషయమే. అయితే 1920ల మొదట్లో తయారైనవి ఇప్పటికే నూరేళ్లు దాటాయి కాబట్టి విదేశీ కొనుగోలుదారుకు పంపే ముందు ఆ శాఖను అడగడం మేలు.

ఫొటో చూసి కొనేవారు పూర్తి రేజర్ బొమ్మతో తృప్తిపడకూడదు. తల అడుగు, మరల లోపలి భాగం, పిడి పైకొస, పెట్టె లోపలి మూలలు విడివిడిగా అడగాలి. పాత పిడులు పై అంచు దగ్గర వెంట్రుకవాసి పగుళ్లు తీస్తాయి. అమ్మేవారి మొదటి ఫొటోలో అవి ఎప్పుడూ కనిపించవు.

భారతీయ రేజర్లకు మాత్రం ఇలాంటి క్రమ సంఖ్యల పట్టికలు లేవు. పనామా, టోపాజ్, ప్రిన్స్ వంటి పేర్లతో తెలుగు ఇళ్లలో రెండు తరాలు గడ్డం గీసుకున్నాయి. ఆ వస్తువుల తేదీ తేల్చే ఆధారాలు అట్టపెట్టె మీదే ఉంటాయి. ధర అణాల్లో ఉంటే 1957 ఏప్రిల్‌కు ముందుదని, 'నయా పైసలు' అని ఉంటే 1957-64 మధ్యదని గట్టిగా అనుకోవచ్చు. చిరునామాలో ఆరంకెల పిన్ కోడ్ ఉంటే 1972 ఆగస్టు 15 తర్వాతిది. బొంబాయి అని ఉంటే బహుశా 1995కి, కలకత్తా అని ఉంటే 2001కి ముందుది. ఇంత చెప్పే ఆ అట్టపెట్టెను చింపి పారేసి, లోపలి రేజర్‌ను మాత్రం తోమి మెరిపించి సంతకు తెస్తున్నారు.