అంబాసిడర్ ఇంజనుకీ స్పోర్ట్స్ కారుకీ చుట్టరికం

దిల్‌సుఖ్‌నగర్ అనగానే మన సాఫ్ట్‌వేర్ జనాలకి కోచింగ్ సెంటర్లు గుర్తొస్తాయి, లేదా ఎల్బీనగర్ రింగు రోడ్డు దగ్గర విజయవాడ బస్సు కోసం రాత్రి పదకొండింటికి బ్యాగు పట్టుకుని నిలబడ్డం గుర్తొస్తుంది. నాకు మాత్రం ఒక రేకుల షెడ్డు గుర్తొస్తుంది. మెయిన్ రోడ్డు మీంచి కొత్తపేట వైపు వెళ్ళే సందులో ఉండేది. అందులో ఒక పెద్దాయన పొడుగాటి స్క్రూడ్రైవర్ మొనని ఇంజనుకీ, పిడిని చెవికీ ఆనించి, కళ్ళు మూసుకుని నిలబడేవాడు. అందరూ ఉస్తాద్ అనేవాళ్ళు, నేనూ అంతే.

1816లో లెనెక్ అనే ఫ్రెంచి డాక్టరు కాగితాన్ని గొట్టంలా చుట్టి రోగి ఛాతీ మీద పెట్టి గుండె చప్పుడు విన్నాడు, స్టెతస్కోపు అలా పుట్టింది. ఉస్తాద్‌కి ఆ పేరు తెలిసుండదు గానీ చేసే పని అదే.

మా నాన్నకో కాంటెస్సా ఉండేది. 1984లో ఆ కారు బయటికొచ్చినప్పట్నుంచీ ఆయనకి దాని మీద మోజు. రిటైరయ్యాక వచ్చిన డబ్బుల్లోంచి కొంత తీసి సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. చూడ్డానికి అమెరికన్ సినిమాలో కారులా ఉంటుంది. అసలు సంగతేమిటంటే ఆ బాడీ ఇంగ్లండులో 1970ల్లో వాక్స్‌హాల్ కంపెనీ అమ్మిన విక్టర్ కారుది. హిందుస్తాన్ మోటార్స్ దాని అచ్చులు కొని తెచ్చుకుంది. ఇంజను మాత్రం మొదట్లో మన అంబాసిడర్‌దే పెట్టారు, 1489 సీసీ, సుమారు 50 హార్స్ పవర్. ఆ బరువుకి అది ఏ మూలకీ చాలదు. ఇసుజు ఇంజను తర్వాత వచ్చింది గానీ నాన్న కొన్నది పాతది.

2006లో అది ముందు వైపు నుంచి ఒక శబ్దం మొదలెట్టింది. నేను ఊరుకుంటానా, ఇంటర్నెట్ ముందు కూర్చున్నాను. అక్కడ తెలిసింది అసలు చరిత్ర. ఈ 1489 సీసీ ఇంజను బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ వాళ్ళ బి-సిరీస్. 1955లో వచ్చిన ఎంజీఏ అనే రెండు సీట్ల స్పోర్ట్స్ కారులోనూ ఇదే, రెండు కార్బురేటర్లు తగిలించి 70 హార్స్ పవర్ దాకా లాగారు. అంటే అక్కడ పడుచువాళ్ళు టాపు తీసేసి షికార్లు కొట్టిన ఇంజనూ, ఇక్కడ కలెక్టరుగార్ని మోసిన ఇంజనూ అన్నదమ్ములన్నమాట! ఎంజీఏ 1962తో ఆగిపోయింది. అంబాసిడర్ 2014 దాకా వచ్చింది, తర్వాత్తర్వాత వేరే ఇంజన్లతో.

ఇంగ్లండులో ఆ స్పోర్ట్స్ కార్లు ఉన్నవాళ్ళు రాసినవన్నీ చదివి నాది టాపెట్ సౌండని తేల్చేశాను. ఫీలర్ గేజ్ కొని, అంగుళంలో వెయ్యికి 15 వంతుల సందు పెట్టి, ఒక ఆదివారం మొత్తం వాకిట్లో గడిపాను. శబ్దం మాత్రం పోలేదు.

ఉస్తాద్ స్క్రూడ్రైవర్ పెట్టి నిమిషం కూడా విన్లేదు. "టాపెట్లు కాదు బేటా, వాటర్ బాడీ మొత్తుకుంటున్నది. పై పైపు కూడా అయిపోయింది, రెండూ మార్చెయ్" అన్నాడు. (వాటర్ పంపుని మన మెకానిక్కులు వాటర్ బాడీ అంటారు, ఎందుకో తెలీదు.)

ఆయనకి ఎలా తెలిసిందో నాకు తర్వాత అర్థమైంది. ఫోర్ స్ట్రోక్ ఇంజనులో క్రాంక్ రెండు చుట్లు తిరిగితే వాల్వు ఒక్కసారే తెరుచుకుంటుంది, అందుకని టాపెట్ చప్పుడు ఇంజను వేగంలో సగం లయలో, పల్చగా టిక్కు టిక్కుమంటుంది. బేరింగు కొట్టడం లోపల్నుంచి లోతుగా వస్తుంది, ఆయిల్ వేడెక్కి పల్చబడేకొద్దీ పెరుగుతుంది. పిస్టన్ చప్పుడు దీనికి తిరకాసు, చల్లగా ఉన్నప్పుడు గోల చేసి వేడెక్కాక తగ్గుతుంది. ఏ సిలిండరో తెలియాలంటే ఒక్కో ప్లగ్గు వైరూ పీకి చూడాలి, ఎక్కడ పీకితే కొట్టుడు తగ్గిందో అక్కడి బేరింగే. ఇక ఫ్యాన్ బెల్టు తీసేసి అర నిమిషం స్టార్ట్ చేస్తే శబ్దం పోయిందంటే వాటర్ బాడీయో డైనమోనో అయ్యుండాలి. మన బైనరీ సెర్చ్ లాంటిదే. నేను మాత్రం ఇవేమీ చెయ్యకుండా ముందే తీర్పు రాసేసుకుని గేజ్ పట్టుకున్నాను.

ఈ చెవులు ఇక్కడ ఎందుకు తయారయ్యాయంటే, కారు బుక్ చేసి ఏళ్ళ తరబడి ఎదురుచూసే రోజుల్లో, ఊరికే విప్పి చూసి పార్టు మార్చే దారి లేదు. పార్టే దొరకదు. లేతు మీద తిప్పించుకోవాలి, లేకపోతే లారీ హోస్‌ని కోసి సరిపెట్టుకోవాలి. విప్పకముందే రోగం తెలియాలి. దీనికి ఇంకో ముఖం కూడా ఉంది, అది చెప్పకపోతే అన్యాయం. ఇంజను వేడెక్కుతోందంటే థర్మోస్టాట్ పీకి పారేసేవాళ్ళు, రేడియేటర్లో కూలెంట్ బదులు బోరు నీళ్ళు పోసేవాళ్ళు. మన వైపు బోరు నీళ్ళ సంగతి తెలిసిందేగా, గీజర్లో పేరుకునే తెల్ల పొరే రేడియేటర్లోనూ పేరుకుంటుంది. ఉస్తాద్ కూడా ఈ పనులు చేసినవాడే. ఆయన్ని దేవుణ్ణి చెయ్యడం నా ఉద్దేశం కాదు.

ఇక పైపు. నేను చూస్తే నల్లగా నిగనిగలాడుతోంది, ఎక్కడా పగులు లేదు. వచ్చే నెల చూద్దాంలే అనుకున్నాను. పాత రోజుల రబ్బరు పైపులు పైనే ఎండి పగిలేవి, కంటికి కనిపించేవి. 1960ల్లో ఈపీడీఎం అనే కృత్రిమ రబ్బరు వచ్చింది, వేడికీ ఎండకీ బాగా తట్టుకుంటుంది. 1980ల్లో గేట్స్ కంపెనీ ఇంజనీర్లు కనిపెట్టిందేమిటంటే ఈ పైపులు లోపల్నుంచి పోతాయని. లోహానికీ నీళ్ళకీ రబ్బరుకీ మధ్య చిన్న బ్యాటరీ లాంటిది ఏర్పడి, లోపలి గోడలో సన్నటి చీలికలు పడతాయి. అదీ ఎక్కువగా క్లిప్పు దగ్గర, చివర్నించి రెండంగుళాల లోపు. అందుకే ఇంజను చల్లగా ఉన్నప్పుడు చివర ఒకసారి, మధ్యలో ఒకసారి వేళ్ళతో నొక్కి పోల్చాలి. చివర మెత్తగా తగిలితే దాని పని అయిపోయినట్టే. ఉస్తాద్ ఆ రోజు శబ్దం వింటూనే రెండో చేత్తో పైపు నొక్కాడు. నేను చూశాను కూడా, ఎందుకు నొక్కుతున్నాడో అడగలేదు.

మే నెల, నాన్నా నేనూ సూర్యాపేట బయల్దేరాం. చౌటుప్పల్ దాటాక బానెట్ లోంచి ఆవిరి. చుట్టుపక్కల చెట్టు లేదు, నీళ్ళు లేవు. టెంపరేచర్ ముల్లు చూస్తే పైకెళ్ళింది కాస్తా కిందికి దిగుతోంది. హమ్మయ్య చల్లబడుతోంది, ముందున్న ధాబా దాకా పోనిద్దాం అన్నాను. నాన్న "ఆపెయ్యరా" అన్నాడు. "ఏం కాదు నాన్నా, ముల్లు చూడు" అని రెండు కిలోమీటర్లు నడిపాను. సెన్సారు నీళ్ళ వేడిని కొలుస్తుంది, నీళ్ళన్నీ పోయాక అది కొలిచేది ఏమీ లేదు. ముల్లు దిగింది అందుకు.

ధాబా కనిపిస్తుండగా ఇంజను పట్టేసింది. హెడ్ వంగిపోయింది, పిస్టన్లు గీసుకుపోయాయి. లారీ వెనక కట్టి ఎల్బీనగర్ తెచ్చాం. ఉస్తాద్ బానెట్ ఎత్తి, పైపు కోసి చివర లోపలి గీతలు చూపించాడు, ఒక్క మాట అనలేదు. నాన్నా అనలేదు. రిపేరుకి అయ్యే ఖర్చు కారు ధర కంటే ఎక్కువ తేలింది, ఇనుము కింద అమ్మేశాం. నాన్న ఆ తర్వాత మళ్ళీ కారు కొనలేదు, నేను కొన్న దాంట్లో వెనక సీట్లోనే కూర్చునేవాడు.

అమెరికాలో 1996 నుంచీ ప్రతి కొత్త కారుకీ ఓబీడీ-2 సాకెట్ తప్పనిసరి, మన దగ్గర 2013లో వచ్చింది. కేబుల్ పెడితే కోడ్ చెబుతుంది. అయినా వాటర్ బాడీ బేరింగు గరగరకి గానీ మెత్తబడ్డ పైపుకి గానీ ఏ కోడూ రాదు, నీళ్ళు పోయి వేడెక్కాకే వస్తుంది.

షెడ్డు ఇప్పుడు లేదు, ఆ చోట మొబైల్ కవర్లు అమ్ముతున్నారు. ఆయన దగ్గర పని నేర్చుకున్న కుర్రాళ్ళు ఆటోనగర్ వైపు వెళ్ళారని విన్నాను. మీలో ఎవరికైనా వాళ్ళ ఆచూకీ తెలిస్తే చెప్పండి. పద్మినీలూ కాంటెస్సాలూ ఇంకా ఉంచుకున్నవాళ్ళు ఈ ఆదివారం పై పైపు చివర ఒక్కసారి నొక్కి చూడండి, ఇంజను చల్లగా ఉన్నప్పుడే సుమా.