జగిత్యాల సీమలో కల్లు చరిత్ర



హైదరాబాదు నగరమున ఈ నడుమ చిన్న బీరుశాలలు కొన్ని వెలసినవి. 2015వ సంవత్సరమున తెలంగాణ ప్రభుత్వము వాని కొరకు ప్రత్యేక నియమములను ఏర్పరచినది. తయారైన చోటనే అమ్ముట, పాతబడక మునుపే త్రాగుట, చేసినవాడును త్రాగువాడును ఒకే కప్పు క్రింద నుండుట వీని విశేషము. మంచి బీరు ఎట్టిది, దానికి ఏ గింజలు కావలెను, ఎన్నాళ్లు పులియవలెను అను చర్చలు పట్టణపు యువకులలో ఇప్పుడు వినవచ్చుచున్నవి.

ఈ చర్చ వినునప్పుడు జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతముల ముదుసలి గౌడు ఎవరైనను చిరునవ్వు నవ్వక మానడు. పొద్దున దింపిన పానీయమును ఆ పూటనే, ఆ ఊరిలోనే, పేరుపేరున ఎరిగినవారికి పోయుట అతని తాతముత్తాతల వృత్తి. అందుచేత మంచి పానీయమునకు లక్షణమేమి అను ప్రశ్నను బీరుతో మొదలుపెట్టినను, మన సీమలో దాని సమాధానమును కల్లు చరిత్రలోనే వెదకవలసియున్నది. త్రాగుడును ప్రశంసించుట నా యుద్దేశము కాదు. ఒక పానీయము ఎట్లు చెడిపోయినది, ఆ చెడుగు ఎవరి మీద పడినది అనునదే ఈ ప్రసంగమునకు విషయము.

ముందుగా ఈ రెండు పానీయముల స్వభావమును తెలిసికొందము. బీరునకు మూలము బార్లీ గింజ. గింజలో నున్నది పిండి. పిండి తానుగా పులియదు. అందువలన గింజను నానబెట్టి, మొలకెత్తించి, ఎండబెట్టి, నలిపి, వేడినీట నుంచి, పిండిని చక్కెరగా మార్చవలెను. ఆ రసమును హాప్స్ అను పూలతో కాచి, చల్లార్చి, ఈస్టు చేర్చవలెను. అప్పుడు అది కొన్నాళ్లకు బీరగును. కల్లునకు ఈ శ్రమ యేదియు లేదు. తాటి గెలనుండియు, ఈత మొవ్వు క్రింది కోతనుండియు కారు రసములో చక్కెర సిద్ధముగనే యున్నది. గాలిలోను, లొట్టిలోను నున్న ఈస్టు తనంతట తాను అందు ప్రవేశించి పని మొదలుపెట్టును. తెల్లవారుజామున తియ్యగా నున్నది మధ్యాహ్నమునకు నురుగు కట్టి మత్తునిచ్చును. మరునాటికి పుల్లబడి కాడి వలె నగును. లొట్టికి లోపల సున్నము పూసి చల్లగా నుంచినచో పులియుట ఆగును. దానినే నీరా యందురు.

కనుక బీరు చేయువాని నేర్పు కార్ఖానాలో నున్నది. కల్లు దింపువాని నేర్పు చెట్టు మీద నున్నది. మోకు, ముస్తాదు, గీతకత్తి అతని సాధనములు. దినమునకు రెండు మూడు మారులు చెట్టెక్కి, గెల కొనను రేకు మందమున మాత్రమే చెక్కవలెను. ఎక్కువ చెక్కిన గెల త్వరగా అయిపోవును. తక్కువ చెక్కిన ధార నిలిచిపోవును. పోద్దాటికి ఒక తీరు గీత, పండుతాటికి మరియొక తీరు, ఈతకు వేరొక తీరు. తాటిచెట్టు గీతకు రావలెనన్న పదునైదు ఇరువది యేండ్లు పట్టును. తాత కాపాడిన చెట్టును మనుమడు గీయును. మోకు తెగినను, కాలు జారినను ప్రాణమునకే ముప్పు. చెట్టెక్కునప్పుడు గౌడు కాటమయ్యను తలచుకొనుటకు ఈ భయమే కారణము. 2024లో తెలంగాణ ప్రభుత్వము గీతకార్మికులకు ఇచ్చిన రక్షణ సామగ్రికి కాటమయ్య పేరే పెట్టినది.

మత్తుపానీయము మీద రాజ్యమునకు గల శ్రద్ధ క్రొత్తది కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రమున సురాధ్యక్షుడను అధికారి కలడు. సురను చేయించుట, అమ్మించుట, దొంగ వ్యాపారమును అరికట్టుట అతని పని. ఉత్సవములకును యాత్రలకును నాలుగు దినములు ప్రజలు స్వేచ్ఛగా సుర చేసికొనవచ్చునని యందున్నది. ఆ యధ్యాయముననే మరియొక విధియు కలదు. చెడిపోయిన సురను దాసులకును పనివాండ్రకును జీతముగా ఇయ్యవచ్చును. లేదా పశువులకును పందులకును పోయవచ్చును. ఈ మాటను శ్రోతలు జ్ఞాపకముంచుకొన కోరుచున్నాను. చెడిన పానీయము చివరకు కష్టజీవి గొంతులోనికే పోవుననుట ఎంత పాత సంగతియో దీనివలన తెలియుచున్నది.

నిజాము రాజ్యమున భూమిశిస్తు తరువాత గొప్ప ఆదాయము అబ్కారీయే. ఫస్లీ 1316లో, అనగా 1907 ప్రాంతమున, హైదరాబాదు అబ్కారీ చట్టము వెలసినది. చెట్టునకు పన్ను, దుకాణమునకు వేలము. వేలము పాడినవాడు గుత్తేదారు. అతడు చెట్టెక్కువాడు కాడు. పలుమారు ఆ ఊరివాడును కాడు. పాడిన సొమ్ము గడువులోపల రాబట్టుకొనుటయే అతని చింత. ఇక గౌడు చెట్టునకు యజమానియు కాడు, కల్లునకు అమ్మకందారును కాడు, నడుమ కూలివాడయ్యెను. త్రాగువానికి దింపువాని ముఖము తెలియని స్థితి ఈ విధముగా ఆరంభమైనది.

ఇది చాలదన్నట్లు తెలంగాణమున దొరల వెట్టి యొకటి. దొర ఇంటి వాడుకకై గీతకార్మికులు అయిదు మొదలు పది చెట్ల వరకు విడిచిపెట్టి, దినమునకు అయిదు కుండలకు తగ్గకుండ కల్లు ఊరక పోయవలసి యుండెనని ఆనాటి పోరాట చరిత్రలు చెప్పుచున్నవి. పండుగ వచ్చినచో లెక్క ఇంకను పెరుగును. ఈ కులమునుండియే పదునెనిమిదవ శతాబ్దారంభమున ఖిలాషాపురపు సర్వాయి పాపన్న లేచి, 1708లో ఓరుగల్లును ముట్టడించి, 1710లో చంపబడినాడు. అతని కథను గాయకులు నేటికిని పాడుచున్నారు.

1947 ఆగస్టు 7న హైదరాబాదు రాష్ట్రమును భారత యూనియనులో చేర్చవలెనని స్టేటు కాంగ్రెసు ఉద్యమమును ఆరంభించినది. నిజాము బొక్కసమునకు అబ్కారీ రాబడి పోకుండ చేయుటకై సత్యాగ్రహులు తాళ్లను, ఈదులను నరికివేసిరి. ఉద్దేశము గొప్పదే. కాని ఆ చెట్టు ఇరువది యేండ్ల పెంపకమనియు, అది యొక గౌడు కుటుంబపు కంచమనియు మనము మరువరాదు. రాజు ఆదాయమును కొట్టిన గొడ్డలి దెబ్బ ముందుగా పేదవాని జీవనాధారమునకు తగిలినది.

స్వరాజ్యము వచ్చిన తరువాతను వెట్టి వెంటనే పోలేదు. 1978 సెప్టెంబరు 7న జగిత్యాలలో వేలాది రైతుకూలీలు జరిపిన జైత్రయాత్రకు దొరల వెట్టియు, అక్రమముగ ఆక్రమించిన భూములును ముఖ్య కారణములు. అదే సంవత్సరము అక్టోబరులో ప్రభుత్వము జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతములుగా ప్రకటించినది. కల్లు సంగతికి వచ్చినచో, 1968 ఆబ్కారీ చట్టము తరువాత గీతకార్మికులకు సహకార సంఘములును, చెట్టు గీయువానికే చెట్టు అను పద్ధతియు ఏర్పడినవి. గుత్తేదారును తొలగించుటయే వాని ఆశయము. ఆశయము మంచిది, కాని సంఘము పేరిట పాత గుత్తయే సాగిన ఊళ్లును లేకపోలేదు.

ఇప్పుడు అసలు చిక్కునకు వచ్చుచున్నాము. కల్లునకు ఒక్క సరకే కావలెను. అది చెట్టు రసము. అందుచేతనే దానిని పెంచుటకు వీలులేదు. బీరు ఎక్కువ కావలసిన ఎక్కువ బార్లీ కొనవచ్చును. కల్లు ఎక్కువ కావలసిన ఇరువది యేండ్ల క్రిందటనే చెట్లు నాటియుండవలెను. చెట్టునకు కాలముకలదు, దుకాణమునకు మాత్రము పన్నెండు మాసములును గిరాకియే. సిరిసిల్ల మగ్గముల కడ రాత్రింబవళ్లు నిలిచి పనిచేయువారు, కోరుట్ల ప్రాంతమున బీడీలు చుట్టు కుటుంబములవారు, పొలము కూలీలు అలసట తీర తక్కువ ఖరీదులో దొరకు పానీయమును కోరుదురు. చెట్లు తగ్గినను అమ్మకము తగ్గకున్నచో, ఆ మిగిలిన కల్లు ఎక్కడనుండి వచ్చుచున్నది?

నీళ్లలోనుండియు, మందులలోనుండియు వచ్చుచున్నది. నీరు కలిపిన రంగు పోవును, తీపి పోవును, మత్తు పోవును. తీపికి సాకరిను, మత్తునకు క్లోరల్ హైడ్రేటు. ఇది 1869లో ఐరోపా వైద్యులు నిద్రమందుగా వాడుకలోనికి తెచ్చిన ద్రవ్యము. తరువాత డయజిపామును, అటుపిమ్మట అల్ప్రజోలామును దాని చోటికి వచ్చినవి. ఇవన్నియు వైద్యుని చీటి లేక ఇయ్యరాని మందులు. వీనికి అలవాటుపడిన శరీరము మందు అందని నాడు వణకును, నిద్ర పట్టదు, మూర్ఛలు వచ్చును, లేనివి కనబడును, మాటలు తడబడును. తెలంగాణ జిల్లాలలో అధికారులు కల్తీ కల్లును నిలిపిన ప్రతిమారును ఆసుపత్రులు ఇట్టి రోగులతో నిండినవి. 2025 జూలైలో హైదరాబాదు కూకట్‌పల్లి ప్రాంతమున కల్తీ కల్లు త్రాగి కొందరు మరణించిరి; పలువురు ఆసుపత్రుల పాలయిరి. చెడిన సురను పనివానికి పోయుమన్న పాత విధి పేరు మార్చుకొని మన కాలముననే అమలగుచున్నది.

ఇతర దేశములవారు ఈ చిక్కును ఎట్లు ఎదుర్కొనిరి? 1516లో బవేరియా ప్రభువులు బీరులో బార్లీ, హాప్స్, నీరు తప్ప వేరేమియు వేయరాదని శాసించిరి. ధరను గూడ నిర్ణయించిరి. ఈస్టు సంగతి అప్పటికి ఎవరికిని తెలియదు. 1876లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పాశ్చరు బీరును గూర్చి గ్రంథము వ్రాసి, చెడుటకు కారణము పరాయి సూక్ష్మజీవులని నిరూపించెను. 1883లో డెన్మార్కున హాన్సెను ఒకే జాతి ఈస్టును వేరుచేసి పెంచెను. కార్ల్స్‌బర్గు బీరుశాలవారు ఆ విద్యను దాచుకొనక ఇతరులకును అందించిరి. ఈ మూడింటి వలన త్రాగువానికి ఒక హక్కు కలిగినది: పాత్రలో ఏమున్నదో తెలిసికొను హక్కు.

మన కల్లునకు ఆ హక్కు ఇంకను రావలసియున్నది. కల్లు గంటగంటకు మారునది గనుక దానిని కొలుచుట బీరును కొలిచినంత సులభము కాదు. అయినను నిద్రమందు కలిసినదో లేదో పరీక్షించుట అసాధ్యము కాదు. ఒక మండువ పరిధిలో గీతకు వచ్చిన చెట్లెన్ని, దింపిన లొట్లెన్ని, అమ్మిన సీసాలెన్ని అను మూడు లెక్కలను ప్రక్కప్రక్కన పెట్టిన చాలును; కల్తీ తానే బయటపడును. ఇందుకు గొప్ప శాస్త్రము అవసరము లేదు, చిత్తశుద్ధి యున్న చాలును. 2023లో హైదరాబాదు నెక్లెసు రోడ్డున ప్రభుత్వము నీరా విక్రయశాలను తెరచినది. నగరపు వేడుకగా మాత్రమే మిగులక ఆ మార్గము జగిత్యాల గ్రామములకును చేరినచో, మత్తు లేకయే గీతవృత్తి బ్రతుకుటకు ఒక దారి యేర్పడును.

మంచి బీరునకు గాని మంచి కల్లునకు గాని చరిత్ర చెప్పు లక్షణము ఒక్కటే. చేసినవాడు త్రాగువానికి కనబడవలెను. చేసినదానిని తానును, తన ఇంటివారును త్రాగగలిగియుండవలెను. పోచమ్మకు సాకపోయు నాడు గౌడు ఇప్పటికిని చెట్టు క్రింద నిలిచి, అప్పుడే దింపిన స్వచ్ఛమైన కల్లునే వంచును. దేవతకు కల్తీ పోయుటకు అతనికి చేయి రాదు. ఆ భయభక్తులలో సగమైనను మగ్గము దిగి వచ్చిన మనుష్యుని యెడల చూపగలిగిననాడు ఈ చరిత్ర మరియొక త్రోవ పట్టును.