గులాబికి పట్టా ఎవరిది?

పొలానికి పట్టా ఉంటుంది, ఇంటి స్థలానికి పట్టా ఉంటుంది. ఇది మనకందరికీ తెలిసిన సంగతే. అయితే పెరటిలో పూసే గులాబి మొక్కకు కూడా పట్టా ఉండవచ్చుననీ, పట్టాదారు అనుమతి లేనిదే దాని కొమ్మతో కొత్త మొక్కలు కట్టి అమ్మడానికి కొన్ని దేశాలలో వీలు లేదనీ చెబితే మన పెద్దవాళ్ళు నవ్వి ఊరుకుంటారు. పువ్వు పూయించేది భూదేవి గదా, మధ్యన ఈ ఆసామి ఎవరని అడుగుతారు. ఆ ప్రశ్న చిన్నది కాదు. గడచిన వంద సంవత్సరాలలో ఎన్నో దేశాల చట్టసభలు, న్యాయస్థానాలు దాని చుట్టూనే తిరిగాయి. చెరకు తోటలలో చెమటోడ్చినవారి సంతతివారమైన మనకు ఆ చరిత్రలో నేర్చుకోదగినది ఉన్నదని తలచి ఈ వ్యాసం రాస్తున్నాము.

పేటెంటు అంటే

పేటెంటు అనేది ఒక బేరం వంటిది. కొత్త వస్తువునో కొత్త పద్ధతినో కనిపెట్టినవాడు దాని గుట్టు అంతా ప్రభుత్వానికి రాసి ఇవ్వాలి. అందుకు బదులుగా ప్రభుత్వం కొన్ని సంవత్సరాలపాటు దానిమీద హక్కును అతనికే ఇస్తుంది. గడువు తీరాక ఆ విద్య అందరిదీ అవుతుంది. యంత్రాల విషయంలో ఈ పద్ధతి పాతదే. మన మారిషస్‌లో 1875లోనే పేటెంట్ల చట్టం వచ్చింది. మొక్కల సంగతి వేరుగా ఉండేది. మొక్క ప్రకృతి చేసినది, మనిషి చేసినది కాదు అన్నారు. పైగా యంత్రాన్ని వర్ణించినట్టు ఒక పువ్వు రంగును, వాసనను కాగితం మీద కచ్చితంగా వర్ణించడం ఎలాగ అన్నారు. అందుచేత శతాబ్దాల తరబడి కొత్త గులాబిని పుట్టించిన తోటమాలికి మొదటి ఏడాది అమ్మకం తప్ప మరేమీ దక్కలేదు. మొక్క గేటు దాటిందంటే దాని కొమ్మలు ఊరంతటివీ అయ్యేవి.

పొరుగు దీవి గులాబి

గులాబుల చరిత్రలో ఒక పెద్ద అధ్యాయం మనకు పొరుగుననే మొదలైంది. నేటి రియూనియన్‌ను ఒకప్పుడు బోర్బోను దీవి అనేవారు. అక్కడ పొలాల చుట్టూ గులాబి కంచెలు వేసే అలవాటు ఉండేది. చైనా నుంచి వచ్చిన గులాబి, మళ్ళీ మళ్ళీ పూసే డమాస్కసు గులాబి పక్కపక్కనే పెరిగేవి. ఈ రెండింటి కలయికవల్ల కంచెలో ఒక కొత్త మొక్క మొలిచిందని తోటల చరిత్రకారులు చెబుతారు. 1817లో రాజోద్యానం చూడడానికి ఫ్రాన్సు నుంచి వచ్చిన నికొలా బ్రెయాన్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు దానిని గమనించి, విత్తనాలను పారిసు దగ్గర నెయ్యీలో ఓర్లియాన్సు ప్రభువు తోటమాలియైన జాక్‌కు పంపాడు. అక్కడినుంచి బోర్బోను గులాబులు అనే వంశమే వెలసింది. ఈనాడు అంగళ్ళలో అమ్మే పెద్ద గులాబులలో చాలావాటి పూర్వుల జాబితాలో ఆ వంశం ఉన్నది. ఆ వంశపు ఎడ్వర్డ్ గులాబిని భారతదేశంలో ఇతర గులాబులు అంటుకట్టడానికి వేరుమొక్కగా కూడా వాడుతూ వచ్చారు.

గమనించినవాడి పేరు, పెంచినవాడి పేరు, ఆ స్థలపు ఆసామి పేరు గ్రంథాలలో ఉన్నాయి. ఆ కంచె నాటి, నీరుపోసి, కత్తిరించినవారి పేర్లు మాత్రం లేవు. ఆ కాలంలో ఆ దీవి పొలాలలో పనిచేసినవారు బానిసలు.

వనిల్లా బాలుడు

అదే దీవిలో 1841లో జరిగినది ఇంకా ఆశ్చర్యకరం. వనిల్లా తీగ మెక్సికో దేశపుది. ఇతర దేశాలకు తెచ్చి నాటితే పూసేది గాని కాయ పట్టేది కాదు. ఐరోపా పండితులు చేతితో పుప్పొడి పట్టించి చూశారు గాని, తోటలో పనికివచ్చే సులువైన పద్ధతి దొరకలేదు. సెంట్ సుజాన్ గ్రామంలో బెలియే బోమాన్ అనే యజమాని దగ్గర ఎడ్మండ్ అనే పన్నెండేళ్ళ బానిస బాలుడు ఉండేవాడు. సన్నని పుల్లతో పువ్వులోని పొరను ఎత్తి, బొటనవ్రేలితో పుప్పొడిని అద్ది కాయ పట్టించవచ్చునని ఆ పిల్లవాడు కనుగొన్నాడు. ఆ పద్ధతిని యజమాని తక్కిన తోటలకు చూపించాడు. దానితో ఆ దీవి వనిల్లాకు లోకమంతటా పేరు వచ్చింది. ఈనాటికీ వనిల్లా తోటలలో పని ఆ విధంగానే నడుస్తుంది.

1848లో బానిసత్వం రద్దయింది. ఎడ్మండ్‌కు ఆల్బియస్ అనే ఇంటిపేరు, స్వేచ్ఛ దక్కాయి గాని ధనం దక్కలేదు. 1880లో కటిక పేదరికంలో మరణించాడు. పైగా ఆ విద్య తానే నేర్పానని ఒక పేరుమోసిన వృక్షశాస్త్రజ్ఞుడు చెప్పుకున్నాడు. అది నిజం కాదని, కనిపెట్టినది ఎడ్మండేనని పాత యజమాని ఉత్తరం రాసి వాదించాడు. ఈనాడు ఎడ్మండ్ పేరు మనకు తెలుసునంటే అలా ఎవరో ఒకరు రాసి ఉంచడం వల్లనే. ఆ రాత లేకపోతే ఆ కీర్తి మరొకరి ఖాతాలో జమ అయ్యేది.

మనవాళ్ళ చేతులు

మన పూర్వులు ఈ దీవికి వచ్చినది ఆ రోజులలోనే. 1834 నుండి 1920 వరకు దాదాపు అయిదు లక్షలమంది భారతీయులు ఒప్పందం మీద ఇక్కడ దిగారు. కోరంగి రేవు పేరుమీద మనవాళ్ళను కోరింగీలన్నారు. ఓడ దిగిన ప్రతి మనిషికి ఒక సంఖ్య ఇచ్చారు. పేరును గుమాస్తాకు వినబడినట్టు రాసుకున్నారు. సంతకం రానివారు ఒప్పందం మీద గీత గీశారు. ఆ దస్తావేజులు నేడు మోకాలోని మహాత్మా గాంధీ సంస్థలో భద్రంగా ఉన్నాయి. అందులో ఊరు ఉంటుంది, వయస్సు ఉంటుంది, ఒంటిమీది మచ్చ కూడా ఉంటుంది. ఆ మనిషి చేతికి ఏ విద్య వచ్చునో, ఏ విత్తనం మూటకట్టుకొని వచ్చాడో చెప్పడానికి అందులో గడి లేదు.

ఇక్కడ గోదావరికి, మనకూ సంబంధించిన ముచ్చట ఒకటి చెప్పాలి. గత శతాబ్దం మొదలయ్యేనాటికి గోదావరి ప్రాంతపు నాటు చెరకును ఎర్రకుళ్ళు తెగులు నాశనం చేసింది. 1902లో సామర్లకోటలో ప్రభుత్వ చెరకు పరిశోధన క్షేత్రం నెలకొల్పారు. అక్కడ తెగులును తట్టుకొని నిలిచి, రైతులకు ఊరట కలిగించిన రకాలలో ముఖ్యమైనది ఎర్ర మారిషస్ చెరకు. మన పూర్వులు విడిచివచ్చిన నేలకు, వారు చేరుకున్న దీవి పేరుగల చెరకు వెళ్ళి అక్కడి రైతును ఆదుకున్నదన్నమాట. ఆ చెరకుకు పట్టా లేదు, గోదావరి రైతు దానికోసం రాయల్టీ కట్టలేదు. దాని పేరులో దీవి ఉన్నది గాని మనిషి లేడు.

అమెరికా చట్టం

మొక్కకు మొట్టమొదట పేటెంటు ఇచ్చిన దేశం అమెరికా. లూథర్ బర్బాంక్ అనే మహా తోటమాలి ఎనిమిది వందలకు పైగా కొత్త రకాలు పుట్టించాడు. పేరు తెచ్చిపెట్టిన బంగాళదుంప రకం మీది హక్కును యౌవనంలో 150 డాలర్లకు అమ్ముకున్నాడు. తరువాత దానివల్ల దేశం పొందిన లాభానికి లెక్కలేదు. ఎలుకల బోను చేసినవాడికి ఉన్న రక్షణ పండ్లచెట్టు పుట్టించినవాడికి లేదన్నది ఆయన బాధ. 1926లో ఆయన చనిపోయాడు. ఆయన స్నేహితుడైన థామస్ ఎడిసన్ వంటివారు బలపరచగా 1930 మే 23న మొక్కల పేటెంటు చట్టం అమలులోకి వచ్చింది. కొమ్మ నాటడం, అంటు కట్టడం వంటి పద్ధతులతో వృద్ధిచేసే మొక్కలకే ఆ చట్టం వర్తించింది. విత్తనంతో పండేవాటిని, దుంపతో పెరిగే బంగాళదుంప వంటివాటిని అందులో చేర్చలేదు. కనుక బర్బాంక్ బతికివున్నా ఆ బంగాళదుంపకు పట్టా దొరికేది కాదు.

1931 ఆగస్టు 18న మొదటి పేటెంటు ఒక గులాబికే దక్కింది. దాని పేరు న్యూ డాన్, అంటే కొత్త ఉదయం. పట్టాదారు న్యూ జెర్సీలోని హెన్రీ బోసెన్‌బర్గ్ అనే తోటమాలి. డాక్టర్ వాన్ ఫ్లీట్ అనే తీగ గులాబి ఏడాదికి ఒక్కమారే పూసేది. ఆ రకంలో తనంతట తాను మారిన మొక్క ఒకటి మళ్ళీ మళ్ళీ పూయసాగింది. మూలరకాన్ని సృష్టించిన వాన్ ఫ్లీట్ 1922లోనే చనిపోయాడు. ప్రకృతి చేసిన మార్పును గుర్తించి, కాగితం మీద వర్ణించి, దరఖాస్తు పెట్టినవాడిది పట్టా అయింది. చట్టం దృష్టిలో ఇది తప్పు కాదు. కాని పట్టా అనేది శ్రమ మొత్తాన్ని కొలిచే కుంచం కాదని మొదటి పేటెంటే చెప్పింది.

ఈ చట్టంవల్ల మేలు జరగలేదని మేము అనము. ఫ్రాన్సులో ఫ్రాన్సిస్ మెయ్యాన్ 1935లో చేసిన సంకరం నుంచి ఒక అందమైన పసుపు గులాబి పుట్టింది. యుద్ధం ముదరకముందే దాని అంటుకొమ్మలు అమెరికా చేరాయి. 1945 ఏప్రిల్ 29న అక్కడ దానికి శాంతి అని అర్థం వచ్చేలా పీస్ అని పేరుపెట్టారు. ఐక్యరాజ్య సమితి స్థాపనకు శాన్ ఫ్రాన్సిస్కోలో కూడిన ప్రతినిధివర్గాలకు ఒక్కొక్క పువ్వు అందజేశారు. అమెరికా పేటెంటు మూలంగా మెయ్యాన్ కుటుంబానికి రాబడి వచ్చింది. వేల మొలకలు పెంచి, ఏళ్ళ తరబడి పరీక్షించి, చివరకు ఒకటో రెండో నిలుపుకునే వృత్తి అది. ఆ కష్టానికి కూలి దక్కడం న్యాయమే. ఐరోపాలోనూ అటువంటి హక్కు కావాలని మెయ్యాన్ పోరాడి 1958లో కన్నుమూశాడు. 1961 డిసెంబరు 2న పారిసులో కొత్త వృక్ష రకాల రక్షణకు అంతర్జాతీయ ఒప్పందం కుదిరింది.

పసుపుకూ వేపకూ వచ్చిన ముప్పు

చిక్కు ఎక్కడ వచ్చిందంటే, కొత్తది కానిదానికి కూడా కొత్తదని పట్టా రాయించుకోవడంలో వచ్చింది. 1995లో పసుపుతో గాయం మాన్పే పద్ధతిమీద అమెరికాలోని మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్య కేంద్రానికి పేటెంటు లభించింది. దెబ్బ తగిలిన పిల్లవాడికి పసుపు అద్దని తెలుగు తల్లి ఉంటుందా! అయినా పేటెంటు కార్యాలయంలో తల్లి మాట సాక్ష్యం కాదు. భారతదేశపు శాస్త్రీయ పారిశ్రామిక పరిశోధన మండలి 1996లో అభ్యంతరం తెలిపి, పాత గ్రంథాలను, 1953లో ఒక భారతీయ వైద్య పత్రికలో అచ్చయిన వ్యాసాన్ని చూపించింది. 1997లో ఆ పేటెంటు రద్దయింది. వేపనూనెతో బూజు తెగుళ్ళను అరికట్టే పద్ధతికి ఐరోపాలో ఇచ్చిన పేటెంటు కూడా 2000లో రద్దయింది, 2005లో అప్పీలు వీగిపోయింది.

అమ్మోరు పండుగకు వేపాకు కట్టి, పసుపు నీళ్ళు చల్లే మనకు ఈ రెండు తీర్పులూ ఇంటి సంగతులే. ఆ తీర్పులలో పనిచేసినది వాదన బలం ఒక్కటే కాదు. ఎవరో, ఎప్పుడో, లాభం ఆశించకుండా రాసి అచ్చువేసిన నాలుగు పుటలు కూడా పనిచేశాయి. భారతదేశం 2001లో చేసిన వృక్ష రకాల చట్టం మరొక మెట్టు ఎక్కింది. కొత్త రకం పుట్టించినవారికి హక్కు ఇస్తూనే, రైతు తన పంటనుంచి విత్తనం దాచుకోవడానికి, తిరిగి నాటడానికి, ఇరుగుపొరుగుకు ఇవ్వడానికి, కంపెనీ ముద్ర వేయకుండా అమ్ముకోవడానికి హక్కు నిలిపింది. తరతరాలుగా రైతులు కాపాడిన రకాలను వారి పేరనే నమోదు చేయించుకొనే వీలు కల్పించింది.

మన వంతు

ఇంతకూ మనం చేయవలసినదేమిటి? మన ఇళ్ళ వెనుక పెరళ్ళలో అమ్మమ్మలు నాటిన మొక్కలు ఇంకా ఉన్నాయి. సింహాద్రి అప్పన్న పూజకు ఏ పూలు కోసేవారో, బాలింతకు ఏ ఆకు ఉడికించి పెట్టేవారో, సర్దారు కంటపడకుండా తోట గట్టుమీద ఏ కూర పెంచుకునేవారో తెలిసిన పెద్దలు ఏటేటా తగ్గిపోతున్నారు. ఆ మొక్కను ఇంట్లో తెలుగులో ఏమనేవారు, క్రియోలులో ఏమంటారు, ఎవరు తెచ్చారు, దేనికి వాడారు, ఎలా అంటు కట్టారు అన్నది పేరుతో, ఊరుతో, సంవత్సరంతో రాసి అచ్చువేయాలి. అచ్చయిన సంగతిని రేపు ఎవరూ తన కొత్త సృష్టి అని చెప్పుకోలేరు. అది ఎవరి పట్టా కాకుండా అందరిదిగా నిలుస్తుంది.

మన యువకులకు మరొక మాట. మీరు నిజంగా కొత్త మొక్కనో కొత్త పనిముట్టునో తయారుచేస్తే ముందు పేటెంటు కార్యాలయంలో దరఖాస్తు పెట్టండి, తరువాతనే అచ్చుకు ఇవ్వండి. చాలా దేశాలలో ముందుగా లోకానికి వెల్లడైన విషయానికి పట్టా దొరకదు. పాతదాన్ని రాసి అందరికీ దక్కించడం, కొత్తదాన్ని నమోదు చేసి కష్టపడినవారికి దక్కించడం రెండూ అవసరమే.

మన పూర్వుల పేర్లు గుమాస్తాల కలాల కింద నలిగిపోయాయి. వారి చేతి విద్యకైనా ఆ గతి పట్టకుండా చూసే భారం మనది. పెద్దలు చెప్పండి, చదువుకున్నవారు రాయండి. ఆ రాతలకు ఈ పత్రిక పుటలు ఎల్లప్పుడూ తెరిచే ఉంటాయి.